నాయిన ఊరు విడిచి రానంటున్నాడు: నల్గొండ, పాలమూరు దిక్కు పెద్దవాళ్లకు ఏ సాయం దొరుకుతుంది?

దిండి_కాలువ
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర చిన్న ఊరు. నేను ఎల్‌బీ నగర్‌లో ఉంటాను, చెల్లె పుణెలో. అమ్మ పోయినప్పటి నుంచి నాయిన ఒక్కడే ఉంటున్నాడు. డెబ్బై నాలుగేళ్లు. షుగర్ ఉంది, ఎడమ కంటికి పొర కమ్మింది, మిగతా పానం గట్టిదే. హైదరాబాద్ రమ్మంటే "బర్రెను ఎవనికి అప్పజెప్పాలె" అంటాడు. బలవంతంగా తీసుకొచ్చినా వారం నిలవడు.

అసలు సమస్య వంట. అమ్మ ఉన్నన్ని రోజులు పొయ్యి దిక్కు చూసినోడు కాదు. ఇప్పుడు పొద్దున వండిన అన్నమే రాత్రికి కూడా, మామిడికాయ తొక్కు వేసుకొని తినేస్తాడు. మాత్రలు వేసుకున్నావా అంటే "ఏసుకున్న" అంటాడు, పోయి చూస్తే షీట్లు కదలవు. ఇగ పోయిన నెల వేలిముద్ర పడలేదని పింఛను ఇయ్యకుండా తిప్పి పంపారు. నెలకు ఐదారు వేలు పంపగలను. పైసల కంటే అక్కడ చూసే మనిషి ఎట్ల దొరుకుతాడన్నదే టెన్షన్. మీ ఇండ్లల్లో ఎట్ల ఏర్పాటు చేసుకున్నారో చెప్పండి. ఓల్డేజ్ హోమ్ సలహా మాత్రం వద్దు.

పాలమూరు_బస్టాండ్
అన్నా, మొదలు వంట తేల్చుకో, మిగతావి తర్వాత. మా అవ్వ జడ్చర్ల దగ్గర ఒక్కతే ఉండేది. వాడకట్టులోనే ఒక వదినెతో మాట్లాడుకున్నాం. తనింట్లో రొట్టెలు చేసేటప్పుడు రెండు ఎక్కువ, కూర ఒక గిన్నె. వేరే వంటమనిషిని పెడితే ఆమె రాని రోజు పస్తే. పక్కింట్లో పొయ్యి ఎట్లాగూ వెలుగుతుంది.

పైసల మాట తీస్తే "పెద్దమ్మకు బువ్వ పెట్టనీకి పైసలా" అని నొచ్చుకుంటారు. నిజంగా ప్రేమతోనే అంటారు, కానీ మూడో నెలకు కూర పలుచబడుతుంది. జొన్నలు, పప్పు, నూనె మనమే కొనిచ్చి, చేసినందుకు విడిగా ఇంత అని ఒకటో తారీఖున ఫోన్‌పే కొట్టాలి. లెక్క సాఫ్‌గా ఉంటే చుట్టరికం కూడా సాఫ్‌గా ఉంటుంది. ఇంకో లాభం, అవ్వ ఒక పూట గిన్నె కోసం రాకపోతే మాకు గంటలో ఫోన్ వచ్చేది.

పళ్లు లేకపోతే రొట్టె పాలల్లో నానబెట్టాలి, లేదంటే గట్క. మీ నాయినకు పళ్లున్నాయా?

దిండి_కాలువ
పళ్లున్నాయి, నోరే ఎక్కువ. చిన్నమ్మ వరుస ఒకామె పక్క సందులోనే ఉంటుంది, అడుగుతా.

ఆశా_అక్క
మీ జిల్లాలోనే ఆశాగా పనిచేస్తున్నా. ఆ చిన్నమ్మకు మొదటి రోజే ఈ మాట చెప్పండి. కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకొని సరిగ్గా తినకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు. చూసేవాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు. తెలివి ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయాలి.

బీపీ, షుగర్ మాత్రలు పల్లె దవాఖానలో, పీహెచ్‌సీలో ఉచితంగానే ఇస్తారు. ఊరికి పోయినప్పుడు ఆశా నంబరు తీసుకోండి, నాయిన పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో అడగండి. కానీ ఆమె రోజూ వచ్చి మాత్ర మింగిస్తుందని మాత్రం అనుకోకండి. గర్భిణులు, పసిపిల్లలు, టీబీవాళ్లు, సర్వేలు, అన్నీ మా నెత్తినే.

మాత్రల సంగతికి మా ఊర్లో ఒక బిడ్డ చేసిన పని చెప్తా. రెండు గుడ్డ సంచులు కుట్టింది. ఒకటి నూలు గుడ్డ, దాని మీద ఎర్ర దారంతో పొద్దు. ఇంకోటి ముఖమల్, దాని మీద తెల్ల దారంతో చందమామ. షీట్లను కత్తెరతో ఒక్కో మాత్రగా కత్తిరించి పొద్దుటివి ఇందులో, రాత్రివి అందులో వేసి, రెండింటినీ మంచం కోడుకు కట్టింది. ఆ తాతకు చదువు రాదు, చూపు అంతంతే. చేత్తో తడిమితే ఏది ఏ సంచో తెలిసిపోతుంది. వారానికోసారి పక్కింటి పిల్ల మిగిలినవి లెక్కపెట్టి ఫోన్‌లో చెప్తుంది.

బర్రె వెంట వట్టి కాళ్లతో తిరుగుతాడా? షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, ముల్లు దిగినా తెలియదు. రాత్రి కాళ్లు కడుక్కున్నాక అరికాళ్లు చూసుకోవాలి. ఆయనకు కనపడకపోతే ఇంకెవరైనా చూడాలి. చెప్పులు కొనిచ్చి ఊరుకోకండి, వేసుకుంటున్నాడో లేదో చూడండి.

డాలస్_తమ్ముడు
రెండు వైఫై కెమెరాలు, చేతికి స్మార్ట్ వాచ్. మా నాన్నకు అదే చేశాం. పడిపోతే నాకు అలర్ట్ వస్తుంది.

గద్వాల_కోడలు
అలర్ట్ డాలస్‌కు వస్తే లేపేది ఎవరు తమ్మీ? మా మామ కెమెరా మీద తువ్వాల కప్పేశాడు, "నన్ను దొంగను చేసిండ్రు" అని. పెద్ద బటన్ల కీప్యాడ్ ఫోన్ కొనివ్వండి. 2 నొక్కి పట్టుకుంటే కొడుకు, 3 నొక్కి పట్టుకుంటే పక్కిల్లు. అంతకు మించి వాడరు.

డాలస్_తమ్ముడు
పక్కింటి అన్న నంబరు కూడా అలర్ట్‌లో పెట్టాం అక్కా. కరెంటు పోతే వైఫై పోతుంది, అది మాత్రం నిజం.

నల్గొండ_రిటైర్డ్‌సారు
వేలిముద్ర గోస మీ నాయిన ఒక్కడిదే కాదు బాబూ. జీవితమంతా పార పట్టిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలతో పాటు కంటిపాప కూడా అప్‌డేట్ చేయించండి. ఏ వేలు బాగా పడుతుందో అక్కడే చూడమనండి. బొటనవేలు పడని చాలామందికి ఉంగరపు వేలు పడుతుంది. ఆ వేలికి గోరింటాకు పెట్టించి గుర్తు చేసుకున్న ముసలమ్మను చూశాను. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూసి ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది, వెలుతురులో కూర్చోబెడితే త్వరగా అవుతుంది.

పింఛను గురించి తెలియనివాళ్లకు. 2014 నవంబరులో రాష్ట్ర సర్కారు ఆసరా పింఛను మొదలైనప్పుడు వృద్ధులకు వెయ్యి, 2019 నుంచి 2,016 రూపాయలు. 65 ఏళ్లుగా ఉన్న వయసు హద్దు 57కు దిగింది. చేనేత, గీత కార్మికులకు 50. ఇంట్లో ముసలివాళ్లు ఇద్దరున్నా వృద్ధాప్య పింఛను ఒక్కరికే. పెంచుతామన్న ఎన్నికల హామీ గురించి ఇక్కడ రాయను, మోడరేటర్ గారు పోస్టు తీసేస్తారు. వరుసగా కొన్ని నెలలు తీసుకోకపోతే ఆగిపోతుంది కాబట్టి, పెద్దవాళ్లను హైదరాబాద్ తెచ్చుకున్నవాళ్లు పింఛను రోజుల్లో ఊరికి పంపడం మరవొద్దు.

పంపడం అంటే బస్సు. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ చూపిస్తే చాలు. దవాఖాన పనిని రేపు, ఎల్లుండి అని వాయిదా వేసే అవ్వలు ఇప్పుడు తామే బస్సెక్కుతున్నారు, ఇది కళ్లారా చూస్తున్న మార్పు. మగ ముసలివాళ్లం మాత్రం టికెట్ కొంటూనే ఉన్నాం. రైల్లో ఉన్న రాయితీని కూడా 2020 మార్చిలో ఆపేశారు. మా ఇంటావిడ ఇప్పుడు నాకంటే ఎక్కువ తిరుగుతోంది, ఆమెకు తోడు పోతే ఖర్చు నాదే.

ఇంకొకటి రాసిపెట్టుకోండి. పెద్దవాళ్ల సాయానికి ఫోన్ నంబరు 14567, ఎల్డర్‌లైన్. పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఉచితం. మొదట హైదరాబాద్‌లో మొదలై 2021లో దేశమంతా వచ్చింది. పింఛను, చట్టం గురించి చెబుతారు. పెద్దవాళ్లను కొడుతున్నారనో, ఇంట్లోంచి వెళ్లగొట్టారనో తెలిస్తే మనిషిని పంపే ఏర్పాటు కూడా ఉంది. పొరుగువాళ్లు కూడా ఫోన్ చేయొచ్చు.

పాలమూరు_బస్టాండ్
సార్, సర్కారు ఉద్యోగంలో రిటైరైనవాళ్లు బతికే ఉన్నామని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇంటికొచ్చి చేస్తారట కదా?

నల్గొండ_రిటైర్డ్‌సారు
కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరులో, 80 దాటినవాళ్లకు అక్టోబరు నుంచే. కొడుకు ఫోన్‌లో ముఖం చూపించి కూడా చేసుకోవచ్చు, లేదంటే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి 70 రూపాయలకు చేస్తాడు. మంచాన పడ్డవాళ్లకు ఇది పెద్ద వరం. బ్యాంకులు కూడా 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే సేవలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది. అడగందే ఎవరూ చెప్పరు.

మర్రిగూడ_98
మా దిక్కు ముసలివాళ్ల సంగతి వేరు, అందుకే రాస్తున్నా. నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మా బోర్లలో దానికి ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పెరిగిన తరం ఇప్పుడు అరవై, డెబ్బైల్లో ఉంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వచ్చాయి, పిల్లలు బతికిపోయారు. ఎముకల్లో చేరింది మాత్రం పోదు, దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు.

మా అమ్మ పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. కింద కూర్చుంటే లేవలేదు. కాబట్టి మాకు పింఛను కంటే ముందు లెట్రిన్ సమస్య. కమోడ్ కుర్చీ తెచ్చాం. గోడకు ఇనుప పైపు బిగించేటప్పుడు మేస్త్రీ తనకు అలవాటైన ఎత్తులో పెట్టబోయాడు. ఆగమని, అమ్మను అక్కడ కూర్చోబెట్టి, ఆమె చేయి నొప్పి లేకుండా ఎంతదాకా లేస్తుందో చూసి సున్నంతో గీత పెట్టాం. గీత మేస్త్రీ అనుకున్నదానికి జానెడు కిందికి వచ్చింది. మంచం కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేశాం. కుండలో నీళ్లు వంగి ముంచుకోలేదని కుళాయి ఉన్న స్టీలు డబ్బా పెట్టాం. ఇంతే ఖర్చు, కానీ ఇప్పుడు సగం పనులకు ఎవరినీ పిలవదు.

రాష్ట్రీయ వయోశ్రీ అని కేంద్రం పథకం ఉంది, 2017లో నెల్లూరులో మొదలుపెట్టారు. 60 దాటిన పేదవాళ్లకు చేతికర్ర, వాకర్, వీల్‌చైర్, చెవి మిషన్, కట్టుడు పళ్లు, కళ్లద్దాలు ఉచితంగా ఇస్తారు. క్యాంపు పెట్టి కొలతలు తీసుకొని, తర్వాత ఇస్తారు. కలెక్టరేట్‌లో వృద్ధుల, వికలాంగుల సంక్షేమ శాఖ వాళ్లను క్యాంపు ఎప్పుడని అడుగుతూ ఉండాలి.

దిండి_కాలువ
అందరికీ థ్యాంక్స్. చిన్నమ్మ ఒప్పుకుంది. పైసలు వద్దంది, పాలమూరు అన్న చెప్పినట్టే ఇచ్చాను, తీసుకుంది. బర్రె పాలల్లో రెండు పూటలా ఒక గ్లాసు ఆమెకే అని నాయిన తనే బేరం కుదుర్చుకున్నాడు.

ఇంకో సంగతి. మూడెకరాలు ఇప్పుడే నా పేరు మీద చేస్తానంటున్నాడు. మా మేనత్త "చేయించుకోరా, రేపు ఎట్లుంటదో" అంటోంది. చెల్లె ఏమీ మాట్లాడటం లేదు. ఏం చేయమంటారు?

మిర్యాలగూడ_వకీలు
తొందరేముంది? పట్టా ఉన్న రైతు చనిపోతే ఇంటివాళ్లకు పైసలిచ్చే రైతు బీమా కోసం చాలా ఇండ్లల్లో మారుస్తున్నారు, అది 18 నుంచి 59 ఏళ్లవాళ్లకే కాబట్టి. మీ కారణం అదే అయితే మూడెకరాలూ మార్చనక్కర్లేదు. పట్టా చేతిలో ఉన్నన్ని రోజులు ముసలాయన మాటకు ఇంట్లో విలువుంటుంది. ఇది చట్టం చెప్పే మాట కాదు, నా దగ్గరికొచ్చే కేసులు చూసి చెబుతున్నా.

రాయాల్సే వస్తే దానపత్రం, అంటే గిఫ్ట్ డీడ్‌లో "తిండి, వైద్యం, ఉండటానికి ఇల్లు చూసుకోవాలి" అన్న షరతు స్పష్టంగా పెట్టించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో సెక్షన్ 23 ప్రకారం, ఆ షరతు తప్పితే రాసిచ్చింది రద్దు చేయించుకోవచ్చు. పత్రంలో షరతు లేకుంటే ఈ సెక్షన్ పనిచేయదని సుప్రీంకోర్టు 2022లో అంది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దవాళ్లకు మేలు జరిగేలా ఉదారంగా చూడాలని చెప్పింది. నమ్మకం ఉందని షరతు వదిలేయకండి. లేదంటే వీలునామా రాయమనండి, ఇద్దరు సాక్షులు చాలు, బతికున్నంత కాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఇదే చట్టం కింద పిల్లలు చూడకపోతే ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. మీకు దేవరకొండలోనే. తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసిచ్చినా చాలు. నెలకు పది వేల వరకు ఇప్పించొచ్చు, నోటీసు ఇచ్చాక 90 రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే 60 రోజుల్లో పైకి అప్పీలు. వకీలు లేకుండా నడవాలని చట్టమే చెప్పింది, కాబట్టి ఇందులో నాకేం గిట్టుబాటు లేదు. సర్కారు దవాఖానలో పెద్దవాళ్లకు వేరే లైను ఉండాలన్నది కూడా ఈ చట్టంలోనే ఉంది, సెక్షన్ 20. ఓపీ దగ్గర ఆ మాట అడగండి.

గద్వాల_కోడలు
వకీలు సార్, చట్టం బాగానే ఉంది. కొడుకు, బిడ్డ, మనుమడు, మనుమరాలు అని అందులో రాసుంది. కోడలు అన్న మాట లేదు. 2019లో కలుపుతామని బిల్లు తెచ్చారు, అది పాస్ కాలేదు. నన్ను కలపమని అడగటం లేదు, నవ్వొచ్చి చెబుతున్నా. మా మామకు పక్షవాతం. రెండు గంటలకోసారి పక్క మార్చేది, ఒళ్లు తుడిచేది, గొట్టంతో జావ పోసేది నేను. కొడుకులు ముగ్గురూ నెలనెలా పైసలు లెక్క ప్రకారం పంపిస్తారు, ఊర్లో అందరూ మెచ్చుకుంటారు. నేను పుట్టింటికి పోయి ఎన్ని పండుగలైందో ఎవరూ లెక్కపెట్టరు. ఈ థ్రెడ్‌లో అందరూ ముసలివాళ్లకు ఏం కావాలని అడుగుతున్నారు. చూసేవాళ్లకు పది రోజులు సెలవు దొరికే పథకం ఏదైనా ఉంటే చెప్పండి.

ఆశా_అక్క
అక్కా, సెలవు ఇచ్చే పథకం లేదు. కానీ జిల్లా ఆసుపత్రుల్లో నయంకాని జబ్బులవాళ్ల బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ వార్డులు నడుస్తున్నాయి. మంచాన పడ్డవాళ్ల కోసం ఆలన పేరుతో బండిలో నర్సు ఇంటికొస్తుంది, పుండ్లు పడకుండా చూడటం, గొట్టం మార్చడం చేస్తారు, ఇంట్లోవాళ్లకు నేర్పిస్తారు. మీ ఊరి నర్సు ఏఎన్‌ఎంతో పేరు రాయించండి. వార్డులో కొన్ని రోజులు ఉంచుకుంటారా అని కూడా అడగండి, ఆ రోజుల్లో మీ ఆడబిడ్డనో, ఒక కొడుకునో వచ్చి కూర్చోమనండి. పైసలు పంపేవాళ్లు వంతు కూడా పంచుకోవాలి.

డాలస్_తమ్ముడు
అక్కా, మా ఇంట్లో మా వదినదీ ఇదే పరిస్థితి. ఈసారి సెలవులకు వస్తున్నా, పదిహేను రోజులు నాన్న దగ్గర నేనే ఉంటా, వదినను పంపిస్తా. నిజంగా చెబుతున్నా.

గద్వాల_కోడలు
వచ్చాక రాయి తమ్మీ, అప్పుడు నమ్ముతా.

దిండి_కాలువ
భూమి సంగతి పక్కన పెట్టాం. చెల్లెతో ఫోన్‌లో మాట్లాడి, ఏది చేసినా ముగ్గురం కూర్చొని చేద్దామని చెప్పా. ఇప్పుడు కంటి ఆపరేషన్. 70 దాటినవాళ్లకు కేంద్రం కార్డు అంటున్నారు, అది పనిచేస్తుందా?

నల్గొండ_రిటైర్డ్‌సారు
అది ఆయుష్మాన్ వయ వందన కార్డు, 2024 అక్టోబరులో వచ్చింది. ఆదాయంతో పనిలేదు, 70 దాటితే చాలు, ఏడాదికి ఐదు లక్షల వరకు. మన ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ఏ ఆసుపత్రిలో ఏ కార్డు నడుస్తుందో పోకముందే అక్కడ కార్డుల పని చూసే ఆరోగ్యమిత్రను అడగండి. కంటి పొరకైతే అంత దూరం ఆలోచించొద్దు, సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు. మహబూబ్‌నగర్‌లోనైతే లయన్స్ వాళ్ల కంటి ఆసుపత్రి కూడా ఉంది. ముందు షుగర్ అదుపులో ఉండాలి, లేకపోతే తేదీ ఇవ్వరు. చేశాక కొన్ని వారాలు వంగడం, బరువులెత్తడం, కంట్లో దుమ్ము, నీళ్లు పడటం ఉండొద్దు. అంటే పశువుల పనికి ఆ రోజులకు మనిషిని మాట్లాడుకోండి. పంట కోతలప్పుడు ఎవరూ దొరకరు, తేదీ చూసుకొని పెట్టించుకోండి.

ముంబై_మద్దూరు
నమస్తే. మాది నారాయణపేట జిల్లా. నేను, నా భార్య భివండిలో సెంట్రింగ్ పని. పిల్లలిద్దరూ ఊర్లో మా అమ్మానాన్నల దగ్గర. ఇక్కడ అందరూ పెద్దవాళ్లకు ఎవరు చూస్తారని అడుగుతున్నారు, మా ఇంట్లో పెద్దవాళ్లే పిల్లలను చూస్తున్నారు. అమ్మకు మోకాళ్లు పనిచేయట్లేదు. బియ్యం తేవడానికి కూడా ఇబ్బంది. రేషన్ కార్డులో మా పేర్లు కూడా ఉన్నాయి, మా వంతు ఇక్కడ తీసుకుంటే వాళ్లది ఆగుతుందా?

పాలమూరు_బస్టాండ్
ఆగదన్నా. వన్ నేషన్ వన్ రేషన్‌లో మీ వంతు అక్కడ తీసుకోవచ్చు, మిగిలింది ఇంటోళ్లు ఊర్లో తీసుకోవచ్చు. అందరి ఆధార్ కార్డుకు లింకై ఉండాలి. ఊర్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం వస్తుంది, మొత్తం మోసుకురావడం మీ అమ్మతో కాదు. ఆటో ఉన్న పిల్లగాడిని ఎవరినైనా మాట్లాడి పెట్టు, వేలిముద్రకు నాయిన పోతే చాలు.

నల్గొండ_రిటైర్డ్‌సారు
పిల్లలు ఏ తరగతి?

ముంబై_మద్దూరు
పెద్దపాప నాలుగు, చిన్నపాప ఒకటి సార్.

నల్గొండ_రిటైర్డ్‌సారు
అయితే ఈ ఏడే పెద్దపాపతో గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించండి. హాస్టల్లోనే చదువు, తిండి. అమ్మకు సగం పని తగ్గుతుంది. అందులో రాకపోతే ఆరో తరగతిలో కస్తూర్బా ఆడపిల్లల హాస్టల్ బడి ఉంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు నోటిఫికేషన్ వచ్చినంక పరిగెత్తకుండా ఇప్పుడే మీసేవలో పెట్టించమనండి మీ నాయినను. బడిలో హెడ్‌మాస్టర్ గారి నంబరు మీ దగ్గర, మీ నంబరు ఆయన దగ్గర ఉండాలి.

ముంబై_మద్దూరు
పెట్టిస్తా సార్. అమ్మ ఒప్పుకోదేమో. ఫోన్ నొక్కిచ్చేది, గోలీల పేరు చదివేది పెద్దదే.

నల్గొండ_రిటైర్డ్‌సారు
పరీక్షకు ఇంకా టైముంది. అప్పటిలోపు చిన్నదానికి నేర్పమనండి. గోలీలకు ఆశా అక్క చెప్పిన సంచులు చాలు.